ఓస్గోర్‌లో అక్టోబరు: వేసవి పేర్చిన ఇసుక మీద శరత్కాలపు అలలు

శనివారం

ఫ్రాన్స్ నైరుతి మూలన, జిరోంద్ నది సముద్రంలో కలిసే చోటు నుంచి కిందికి అదూర్ నది దాకా దాదాపు 230 కిలోమీటర్ల పొడవున ఒకటే ఇసుక తీరం. మధ్యలో ఆర్కషోన్ అఖాతం ఒక్కటే పెద్ద గండి. కొండరాళ్ళు లేవు, పగడపు దిబ్బలు లేవు. అట్లాంటిక్ నేరుగా వచ్చి ఇసుక మీదే విరుగుతుంది. ఈ తీరం దక్షిణపు కొసకు దగ్గర్లో ఉన్న చిన్న ఊరు ఓస్గోర్. యూరప్‌లో సర్ఫ్ బోర్డు పట్టిన ప్రతివాళ్ళకీ తెలిసిన పేరు.

మా అక్కా బావా తూలూజ్‌లో ఉంటారు. విమానాల తయారీ పుణ్యమా అని ఆ ఊళ్ళో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. సెలవు దొరికితే కొందరు పిరనీస్ కొండలెక్కుతారు, కొందరు సముద్రానికి పరిగెడతారు. బావ రెండో రకం. పెళ్ళికి ముందు నుంచీ సర్ఫింగ్ చేస్తున్నాడు. నేను విశాఖవాణ్ణి, ఋషికొండ దగ్గర బోర్డు మీద నిలబడ్డం నేర్చుకున్నాను. సెప్టెంబరు ఆఖర్లో నాతో సెలవు పెట్టించి, "ఓస్గోర్ చూడాలంటే ఇదే అదను, పద" అన్నాడు బావ. ఆగస్టు ఎందుకు కాదు, జనవరి ఎందుకు కాదు అంటే అప్పుడు చెప్పలేదు. ఆ జవాబు వారమంతా బీచ్ మీదే ముక్కలు ముక్కలుగా దొరికింది.

తూలూజ్ నుంచి పడమరకి మూడు గంటల పైచిలుకు దారి. తార్బ్, పో ఊళ్ళు దాటేదాకా ఎడమ పక్క పిరనీస్ కొండలు వెంట వస్తూనే ఉంటాయి. బయోన్ దగ్గర ఉత్తరానికి తిరిగామంటే లాంద్ జిల్లా, ఇక పైన్ చెట్లే చెట్లు. ఈ అడవి తనంత తాను పెరిగింది కాదు. ఒకప్పుడు ఇదంతా చిత్తడి నేల. ఒడ్డున ఇసుక దిబ్బలు గాలికి కదిలి ఊళ్ళ మీదికి వచ్చేవి. ముందు దిబ్బల్ని గడ్డితో, చెట్లతో కట్టేశారు. తర్వాత 1857లో మూడో నెపోలియన్ ప్రభుత్వం చట్టం చేసి లోపలి నేలంతా పైన్ నాటించింది. ఇసుకను కదలకుండా పట్టడానికి ఇన్ని తరాలు ఇంత కష్టపడ్డ చోట, సర్ఫింగ్ మాత్రం కదిలే ఇసుక మీదే బతుకుతోంది. నీటి పైన కదలకూడదు, నీటి అడుగున కదలాలి.

సాయంత్రం ఆరు దాటాక దిబ్బ ఎక్కాం. పోటు నిండుగా ఉంది. అల మీటరు కూడా లేదు గానీ, నీళ్ళు దిబ్బ పాదం దాకా వచ్చేయడంతో ఉన్న కాస్త అల కూడా నేరుగా గట్టు మీద పడి దబ్బుమంటోంది. ఒక్కరు కూడా నీళ్ళలో లేరు.

"ఏం బావా, ఇంతేనా?"

"రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకి రా, చూపిస్తా. అల కాదు, నేల."

ఆదివారం

ఇక్కడ అక్టోబరు మొదట్లో పొద్దు పొడిచేసరికి ఎనిమిదవుతుంది. దేశానికి పడమటి అంచున ఉండి, గడియారం మాత్రం ఎక్కడో తూర్పునున్న బెర్లిన్‌తో కలిపి నడుపుతారు. అందుకని పొద్దున తీరుబడిగా అక్క చేసిన ఉప్మా తిని, పన్నెండు దాటాక బీచ్‌కి వెళ్ళాం.

నిన్న దిబ్బ పాదం దాకా ఉన్న సముద్రం వెనక్కి పోయింది. ఎంత దూరం పోయిందంటే, నీళ్ళ దగ్గర నిలబడ్డ మనిషి మొహం పోల్చుకోలేనంత. ఇక్కడ పెద్ద ఆటుపోట్ల రోజున నీటిమట్టం నాలుగు మీటర్లకు పైగా లేచి దిగుతుంది. మా విశాఖలో పౌర్ణమి నాడైనా ఒకటిన్నర మీటరు చుట్టుపక్కలే. ఫ్రెంచి వాళ్ళు ఆటుపోటు బలాన్ని 20 నుంచి 120 దాకా ఒక అంకెతో చెప్తారు. 45 అంటే సోమరి నీళ్ళు, 95 అంటే ఉరకలు వేసే నీళ్ళు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు అంకె పెరుగుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల దగ్గర మరీ పెరుగుతుంది. మేము వెళ్ళింది సరిగ్గా ఆ సమయం. ఆ ఊరి దుకాణాల్లో, బేకరీల్లో, చివరికి పెట్రోలు బంకులో కూడా అరచేతిలో పట్టేంత ఆటుపోట్ల పుస్తకం దొరుకుతుంది. బావ దగ్గరున్నదాని అంచులు ఉప్పునీటికి ఉబ్బిపోయి ఉన్నాయి.

నీళ్ళు పోయాక బయటపడ్డ నేలని చూపించాడు. ఒడ్డుకి సమాంతరంగా ఒక పొడుగాటి ఇసుక మేట. దానికీ ఒడ్డుకీ మధ్య నీళ్ళు నిలిచిన పల్లం. ఆ పల్లం ఒక కొసన సముద్రంలోకి తెరుచుకుని ఉంది. వీటిని ఇక్కడ బయీన్ అంటారు. మోకాలి లోతు నీళ్ళు, అడుగున ఇసుక మీద సన్నని ముడతలు, ఎండకి గోరువెచ్చగా ఉంది. అక్క ప్యాంటు మడుచుకుని దిగి, పిల్లలు ఆడుకోడానికి ఎంత బాగుందో అంది.

"మనుషుల్ని తీసుకుపోయేది ఇదే" అన్నాడు బావ.

సంగతేమిటంటే, పోటు మొదలై అలలు మేట మీంచి పొర్లి పల్లంలోకి దిగినప్పుడు ఆ నీరంతా మళ్ళీ బయటికి పోవాలి. మేట అడ్డం ఉంది కాబట్టి, తెరిపి ఉన్న చోటు నుంచే ఒక్కసారిగా పోతుంది. నీరు తక్కువగా ఉండే గంటల నుంచి సగం పోటు వచ్చేదాకా ఆ లాగుడు బలంగా ఉంటుంది. ఈతగాడు ఎంత బలవంతుడైనా దానికి ఎదురీదితే అలిసిపోతాడు. చేయాల్సింది ఎదురీదకుండా తేలడం, చెయ్యెత్తి ఊపడం, ప్రవాహం తీసుకెళ్ళినంత దూరం వెళ్ళడం. అల విరిగే చోటు దాటాక లాగుడు నీరసపడుతుంది. అక్కణ్ణుంచి పక్కకి జరిగి, అలలు నురగై విరుగుతున్న మేట వైపు నుంచి ఒడ్డుకి రావాలి. వేసవిలో ఎర్ర, పసుపు రంగుల జెండాల మధ్య కాపలావాళ్ళు ఉంటారు, వాటి మధ్యనే స్నానం. సెప్టెంబరు గడిస్తే చాలా బీచ్‌లలో వాళ్ళు ఉండరు. మనవాళ్ళు దసరా సెలవులకి యూరప్ వచ్చినప్పుడు ఈ నెలల్లోనే ఇటు తిరుగుతారు. నీళ్ళు చల్లబడలేదు కదా, అల చిన్నదే కదా అని పిల్లల్ని ఈ పల్లాల్లోకి దింపకండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మునిగేవాణ్ణి లాగే ఆ పల్లమే సర్ఫర్‌కి దారి. లోపలికి పోవాలంటే విరిగే అలల్ని ఢీకొట్టుకుంటూ పోనక్కర్లేదు, బయీన్ తెరిపి దగ్గర బోర్డు వేస్తే అదే తీసుకుపోతుంది. మేట కొసన అల ఒక పక్క నుంచి విరగడం మొదలై పల్లం వైపు పరుగెడుతుంది. మేట లేకపోతే అల మొత్తం ఒకేసారి కూలిపోతుంది. దాని మీద ఎవరూ ఏమీ చేయలేరు.

మరి మేట ఎక్కణ్ణుంచి వచ్చింది? వేసవి అంతా చిన్న అలలు. అర మీటరు, మీటరు, మహా అయితే మీటరున్నర. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి గాలి లేచి ఉన్న అలని కూడా చెదరగొడుతుంది. సర్ఫర్లు విసుక్కునే నెలలవి. కానీ ఆ చిన్న అలలే చలికాలంలో లోపలికి కొట్టుకుపోయిన ఇసుకని మెల్లమెల్లగా ఒడ్డుకి తోస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా ఆ పని జరుగుతూనే ఉంటుంది. నిన్న నేను "ఇంతేనా" అన్న అల వేసవి పొడుగునా చేసిన పని ఇప్పుడు నా కాళ్ళ కింద ఉంది.

బావ ఆ మేట ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగిందో దిబ్బ మీది కంచె కర్రలతో, వెనకనున్న ఇళ్ళ కప్పులతో గుర్తు పెట్టుకున్నాడు. పోటు వచ్చాక అదంతా కనిపించదు.

సోమవారం

సర్ఫింగ్‌కి పనికొచ్చే అల లేదు. పొద్దున్నే బావ ఫోన్‌లో వాతావరణ పటం చూపించాడు. కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్‌కి తూర్పున శనివారమే వాయుగుండం బలపడింది. అక్కడి గాలి లేపిన అల ఇక్కడికి రావడానికి మూడు రోజులు. లెక్క కష్టమేం కాదు. అలకీ అలకీ మధ్య 14 సెకన్ల వ్యవధి ఉంటే, ఆ అలల గుంపు లోతు నీటిలో గంటకు దాదాపు 39 కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకి 900 పైచిలుకు. పొడుగు వ్యవధి అలలు ముందు చేరతాయి, పొట్టివి వెనక. కాబట్టి రేపు సాయంత్రానికి మొదటివి కనిపించాలి.

ఖాళీ రోజు కదా అని కాలవ అవతలి ఊరు కాప్‌బ్రెతోన్ వెళ్ళాం. లాంద్ జిల్లా మొత్తానికి ఇదొక్కటే రేవు. పడవల వాళ్ళు పట్టిన చేప అక్కడే బల్లల మీద పెట్టి అమ్ముతున్నారు. అక్క పండుగప్పని పోలిన చేప ఒకటి చూసి, బేరం కుదరదని తెలిసినా రెండుసార్లు అడిగి కొంది. అక్కణ్ణుంచి సముద్రంలోకి సాగిన చెక్క వంతెన మీద నడిచాం, అదీ మూడో నెపోలియన్ కాలందే. వంతెన కొసన నిలబడితే ఒక విచిత్రం. కుడి పక్క ఓస్గోర్ బీచ్‌ల మీద చిన్నదో పెద్దదో అల విరుగుతూనే ఉంది. సరిగ్గా మా ఎదురుగా మాత్రం నీళ్ళు మెత్తగా ఊగుతున్నాయి.

కారణం నీటి కింద ఉంది. తీరానికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే సముద్రం అడుగున ఒక పెద్ద లోయ మొదలవుతుంది. గుఫ్ అంటారు. అక్కణ్ణుంచి పడమరగా వందల కిలోమీటర్లు సాగి, మూడు వేల మీటర్లకు పైగా లోతుకి దిగుతుంది. ఒకప్పుడు అదూర్ నది ఇక్కడే సముద్రంలో కలిసేది, తర్వాత ఇంకా ఉత్తరానికి జరిగింది. 1578లో లూయీ ద ఫ్వా అనే ఇంజనీరు దాన్ని బయోన్ దగ్గర నేరుగా సముద్రంలోకి మళ్ళించాడు. నది పోయింది, లోయ మిగిలింది.

మామూలుగా అల లోతు తక్కువ నీటిలోకి వచ్చేసరికి అడుగు తగిలి నెమ్మదిస్తుంది. 14 సెకన్ల అల పొడవు లోతు నీటిలో 300 మీటర్లు. 150 మీటర్ల లోతు దగ్గరే దానికి నేల తగలడం మొదలవుతుంది. మిగతా తీరంలో కొన్ని పదుల కిలోమీటర్లు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చేసరికి కొంత బలం పోతుంది. గుఫ్ మీద ఆ ఈడ్పు లేదు. లోయ మీద వేగంగా వచ్చే భాగం, రెండు పక్కలా మెట్ట మీద నెమ్మదించిన భాగం వైపు వంగుతుంది. అంటే మధ్యలో బలం పలచబడి, అంచుల మీద పోగవుతుంది. ఉత్తరపు అంచు మీద ఉన్న ఊరు ఓస్గోర్. పది కిలోమీటర్లు పైకి పోతే మామూలు అల ఉన్న రోజున ఇక్కడ రెండింతలు కనిపించడానికి కారణం అదే. పూర్వం తుఫాను పట్టిన ఓడలు నెమ్మది నీళ్ళ కోసం ఈ లోయ మీదికే వచ్చి నిలిచేవట.

వంతెనకి దక్షిణాన లా పిస్త్ బీచ్. అక్కడ రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు కట్టిన కాంక్రీటు కోటలు అలల్లో పక్కకి ఒరిగి పడున్నాయి, ఒంటి నిండా రంగుల బొమ్మలతో. కట్టినప్పుడు అవి దిబ్బ మీద ఉన్నాయి. ఇప్పుడు పోటుకి సగం మునుగుతాయి. దిబ్బ అంత వెనక్కి పోయింది. ఈ తీరంలో ఇసుక ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. కాలవ ముఖద్వారం దగ్గర కట్టిన గట్టు దాన్ని ఆపేసింది. ఉత్తరాన ఓస్గోర్ పక్క ఇసుక పోగవుతుంది, దక్షిణాన కాప్‌బ్రెతోన్ పక్క కోసుకుపోతుంది. అందుకని 2008 నుంచి గొట్టాలు వేసి ఇటు ఇసుకని అటు పంపు చేస్తున్నారు.

ఇది విన్నాక నాకు ఆర్కే బీచ్ కళ్ళ ముందు మెదిలింది. మన కోస్తాలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఔటర్ హార్బర్ గోడలు దాన్ని ఆపాయి. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకని బీచ్ వైపు పోయిస్తుంటారు. దిక్కులు తిరగబడ్డాయంతే, కథ ఒకటే. రేవు కట్టిన ఏ ఊరైనా పక్క బీచ్‌కి ఇసుక బాకీ పడుతుంది. ఆ బాకీ ఏటా తీర్చడాన్ని ఇక్కడ పురపాలక పనుల్లో ఒకటిగా పెట్టుకున్నారు. మనకీ అలాగే జరగాలని నా కోరిక. ఆర్కే బీచ్ ఒడ్డున పెరిగిన వాణ్ణి, రోడ్డు పక్క గోడ కూలినప్పుడల్లా ఫొటోలు చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

మంగళవారం

పగలంతా సరంజామా పని. ఊరి బయట పెదెబేర్ అనే వాడ ఉంది. బోర్డులు తయారుచేసే షెడ్లు, పెద్ద పెద్ద సర్ఫ్ కంపెనీల దుకాణాలు అన్నీ అక్కడే. ఫ్రాన్స్‌లో ఈ ఆట వయసు పెద్దదేం కాదు. 1957లో సినిమా పని మీద దక్షిణాన ఉన్న బియారిట్జ్ ఊరికి వచ్చిన అమెరికన్ రచయిత పీటర్ వియర్టెల్, కాలిఫోర్నియా నుంచి బోర్డు తెప్పించుకోవడంతో మొదలైంది. అక్కడ రాతి ఒడ్డున మెత్తని అలలు. ఓస్గోర్ ఇసుక అలల పేరు ఆ తర్వాత కొన్నేళ్ళకి గానీ బయటపడలేదు.

నీళ్ళు 19 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. ఫిబ్రవరి, మార్చిలో ఇదే నీరు 12కి దిగుతుంది. అప్పుడు అయిదు మిల్లీమీటర్ల సూటు, కాళ్ళకి బూట్లు, తలకి టోపీ. ఆగస్టులో 22 దాటి, నిక్కరుతో దిగొచ్చు. అద్దెకిచ్చే దుకాణంలో ఉన్న పెద్దాయన నా ఎత్తు, బరువు అడిగి, ఎక్కడ దిగుతావని అడిగాడు. ప్రమాదకరమైన అలలుండే లా గ్రావియేర్ బీచ్ అని ఉంటే బోర్డు ఇచ్చేవాడు కాదేమో. బావ కాస్త నెమ్మదైన ఎస్తాన్యో బీచ్ అని చెప్పేసరికి తలూపి, కాస్త మందంగా, వెడల్పుగా ఉన్నది తీసి ఇచ్చాడు.

సాయంత్రం ఏడున్నరకి, వెలుగు పోతుండగా వచ్చాయి. దిబ్బ మీంచి చూస్తే సముద్రం మీద దుక్కిలో నాగటి చాళ్ళలా ఒకదాని వెనక ఒకటి గీతలు. ఎత్తు పెద్దగా లేదు. కానీ ఒకటి విరిగాక రెండోది రావడానికి బావ సెకన్లు లెక్కపెట్టాడు. పదహారు.

బుధవారం

రాత్రంతా కిటికీ అద్దాలు సన్నగా మోగుతూనే ఉన్నాయి. గది బీచ్‌కి రెండు వీధుల వెనక. లేచేసరికి మూడు మీటర్ల పైన అల, పడమటి గాలి, సన్నటి జల్లు.

లా గ్రావియేర్‌ది ఈ ఊళ్ళో అందరికన్నా పెద్ద పేరు. ఒడ్డుకి మరీ దగ్గరగా, రాళ్ళు విసిరితే తగిలేంత దూరంలో, లోతు నీటి నుంచి అల ఒక్కసారిగా లేచి ముందుకి వంగి గొట్టంలా చుట్టుకుంటుంది. సర్ఫర్లు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేది ఆ గొట్టం లోపల నిలబడ్డానికే. కానీ అది రెండు, రెండున్నర మీటర్ల అల దాకానే. ఇవాళ మేట మీద పట్టనంత నీరు. ఒడ్డు పొడవునా గోడ గోడంతా ఒకేసారి కూలుతోంది. కూలిన చోట నీళ్ళు తెలుపు కాదు, ముదురు గోధుమ రంగు. మేట ఇసుకంతా అలలోనే ఉంది. దిబ్బ మీద నిలబడ్డ నా అరికాళ్ళకి ఆ దెబ్బ తెలుస్తోంది.

ఇలాంటి రోజున పనికొచ్చేది కాస్త దక్షిణాన ఉన్న లా నోర్. అక్కడ మేట ఒడ్డుకి దూరంగా, లోతులో ఉంటుంది. చిన్న అలలకి అసలు మేల్కోదు. పదిమంది దాకా లోపల ఉన్నారు. పొడుగు బోర్డులు, లైఫ్ జాకెట్లు. ఒకతను మంచి అల పట్టి కుడికి కోసుకుంటూ వెళ్ళినప్పుడు దిబ్బ మీదున్న వందమందీ ఒకేసారి అరిచారు. పక్కనే ఒక కుర్రాడు విరిగిన బోర్డు ముక్కలు రెండు చంకలో పెట్టుకుని, కొట్టుకుపోయిన మూడో ముక్క కోసం ఒడ్డు వెంట వెతుక్కుంటూ పోతున్నాడు.

ప్రపంచ స్థాయి పోటీ ఒకటి 2002 నుంచి 2019 దాకా ఏటా శరత్కాలంలో ఇక్కడే జరిగేది. దానికి తేదీ అని ఉండేది కాదు. పది పన్నెండు రోజుల గడువు పెట్టుకుని, అల బాగున్న రోజుల్లోనే ఆడించేవాళ్ళు. వేదిక కూడా మార్చేవాళ్ళు, మేట ఏ బీచ్‌లో బాగుంటే అక్కడికి. ఆటగాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా ఇసుకకీ గాలికీ ఆగాల్సిందే. అది నాకు చాలా నచ్చిన పద్ధతి.

"బావా, మనం ఎప్పుడు?"

"గాలి తిరగనీ రా. రాత్రికి తూర్పు పడుతుంది. రేపు పొద్దున దిగుదాం."

గురువారం

తూర్పు గాలి. నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి అల మొహాన్ని నున్నగా దువ్వి, అది కూలే ముందు ఇంకాసేపు నిలబెడుతుంది. అల రెండు మీటర్ల లోపుకి దిగింది, వ్యవధి మాత్రం 13 సెకన్లు అలాగే ఉంది. ఇంకో అనుకూలం, ఆటుపోటు అంకె 55కి పడిపోయింది. చిన్న ఆటుపోటు రోజున నీటిమట్టం నెమ్మదిగా మారుతుంది. శనివారం లాంటి రోజున మేట మీద సరైన లోతు గంటో గంటన్నరో ఉంటే, ఇవాళ మూడు గంటలు ఉంటుంది.

ఎనిమిదింటికి, పొద్దు పైన్ చెట్ల వెనక ఉండగానే లా గ్రావియేర్ తెరుచుకుంది. నిన్నటి గోధుమ రంగు పోయి ఆకుపచ్చ నీరు. అల వంగి చుట్టుకున్నప్పుడు లోపల చీకటి, అందులోంచి మనిషి, తర్వాత తూము లోంచి గాలి తన్నినట్టు నీటి తుంపర. నడుము లోతు నీటి మీద జరుగుతోంది ఇదంతా. తప్పితే కింద ఇసుక గచ్చులా ఉంటుంది. ఏటా ఇక్కడ భుజాలు జారినవాళ్ళూ, మెడకి దెబ్బలు తగిలినవాళ్ళూ ఉంటారు. బావ కూడా దిగడు. ఒడ్డున నిలబడి చూడ్డానికి మాత్రం ఇంతకు మించింది నేనెక్కడా చూడలేదు.

పదిన్నరకి, పోటు తిరిగి నీళ్ళు దిగడం మొదలయ్యాక ఎస్తాన్యో వెళ్ళాం. అది సెన్యోస్ గ్రామం కిందికి వస్తుంది, ఉత్తరాన నడిచి వెళ్ళేంత దూరం. అక్కడ అల ఒడ్డుకి ఎడంగా విరుగుతుంది, కోపం తక్కువ. ఆదివారం బావ గుర్తు పెట్టుకున్న కంచె కర్ర పక్కన నిలబడ్డాం. అల అక్కడే విరుగుతోంది. విరిగే అలల మధ్య నీళ్ళు నల్లగా, నురగ లేకుండా ఉన్న చోటు బయీన్ తెరిపి. బోర్డు వేసి పడుకున్నాం. చేతులు వేయాల్సిన పనే లేదన్నట్టు లోపలికి తీసుకుపోయింది. తల కూడా తడవకుండా అలలు విరిగే చోటు దాటేశాం.

కూర్చుని ఎదురుచూడ్డం మొదలైంది. పొడుగు వ్యవధి అలల్లో తెలియాల్సింది ఇదే, చాలాసేపు ఏమీ ఉండదు. తర్వాత అయిదో ఆరో వరసగా వస్తాయి. మొదటిది వదిలేయమన్నాడు బావ, దాని వెనక ఉన్నవాటికి నీరు నున్నగా ఉంటుంది. మూడోదానికి తిరిగాను. వెనక నుంచి బోర్డు తోక లేచింది, గాలి మొహాన కొట్టింది, లేచి నిలబడేసరికి కింద పచ్చటి వాలు, దాని అడుగున ఇసుక ముడతలు కనిపిస్తున్నాయి. కుడికి వంగాను. అల నా ముందు కూలకుండా పల్లం వైపు పరుగెడుతూనే ఉంది, నేను దానితో. మేట అయిపోయిన చోట అల మెత్తబడి లోతు నీటిలో కలిసిపోయింది. బోర్డు మీద పడుకుని అదే ప్రవాహంలో మళ్ళీ లోపలికి.

ఒంటిగంట దాకా అలా తిరుగుతూనే ఉన్నాం. తర్వాత సముద్రపు గాలి లేచి అలల మొహం చెదిరిపోయింది. ఒడ్డుకి వస్తే అక్క ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పట్టుకుని కూర్చుని ఉంది. "నీళ్ళలో మీ ఇద్దరూ ఎవరెవరో పోల్చుకోలేకపోయానురా" అంది. పక్కన బోర్డులు ఆరబెట్టుకుంటున్న ఫ్రెంచి జంటకి కూడా పులిహోర పెట్టింది. వాళ్ళు ఆవాలు ఏమిటని అడిగి మరీ తిన్నారు.

శుక్రవారం

పొద్దున అల నడుము ఎత్తుకి పడిపోయింది. బయల్దేరే ముందు సాయంత్రం నాలుగున్నర దాకా ఆగాం, ఆటు అడుగున మేట ఏమైందో చూద్దామని. ఆటుపోటు చిన్నది కాబట్టి నీళ్ళు ఆదివారమంత దూరం పోలేదు. అయినా నురగ లేచే చోట్లు చూసి బావ లెక్క కట్టాడు. ఎస్తాన్యో మేట నిలిచింది, తెరిపి మాత్రం దక్షిణానికి కొన్ని అడుగులు జరిగింది. లా గ్రావియేర్ ముందు బుధవారం అలలు మేటని ఒక చోట తెగ్గొట్టాయి.

శరత్కాలం ఎందుకో అక్కడ నిలబడి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. వేసవి పేర్చిన మేట ఇంకా ఉంటుంది, దూరపు వాయుగుండాలు మొదలవుతాయి, నీరు చల్లబడదు, పొద్దుటి పూట తూర్పు గాలి పడుతుంది. ఈ నాలుగూ కలిసుండేది సెప్టెంబరు నడుమ నుంచి నవంబరు మొదటి రోజుల దాకానే. డిసెంబరు వచ్చిందంటే తుఫాను మీద తుఫాను. అలకి కొదవ ఉండదు, దాన్ని సరిగ్గా విరిచే ఇసుకే ఉండదు. 2013-14 చలికాలం ఈ తీరంలో ఎవరూ మర్చిపోరు. నెలల తరబడి పెద్ద అలలు కొట్టి, చాలా చోట్ల దిబ్బల్ని పది మీటర్లకు పైగా కోసేశాయి. ఉత్తరాన సూలాక్‌లో ల సిగ్నాల్ అనే అపార్ట్‌మెంట్ భవనాన్ని 2014 జనవరిలో ఖాళీ చేయించారు, 2023లో కూల్చేశారు. అది కట్టినప్పుడు సముద్రం దానికి 200 మీటర్ల దూరంలో ఉండేది. వసంతంలో గాలులెక్కువ, నీళ్ళు చల్లన, మేటలు అప్పుడప్పుడే మళ్ళీ కూడుకుంటుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక రోజు బాగుంటే నాలుగు రోజులు ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మాత్రం జూన్, జులై పొద్దుటి పూటలు మంచివి. చిన్న అల, వెచ్చటి నీరు, కాపలా.

నవంబరు 1 ఇక్కడ సెలవు. బావ అప్పటికి గది మాట్లాడేశాడు. నీళ్ళు 16కి దిగుతాయి, నాకు మందం సూటు కొనాలి. ఈలోగా పెద్ద తుఫాన్లు రెండు మూడు వచ్చాయంటే ఎస్తాన్యో మేట ఉండదు. అప్పుడు దక్షిణాన గెతారీ వెళ్తాం. అక్కడ అడుగున రాయి, తుఫాన్లకి చెదిరేది కాదు.